తెలుగు వికీపీడియా లింకును చదవడం, పంపడం, ఉదహరించడం ఎలా

చార్మినార్ గురించి తెలుగు వికీపీడియాలో ఉన్న వ్యాసాన్ని ఎవరికైనా పంపుదామని బ్రౌజర్ పైపట్టీలోని చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే, పైన చక్కగా తెలుగులో కనిపించిన పేరు కాస్తా శాతం గుర్తులూ అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగలిసిన పొడవాటి గొలుసుగా మారిపోతుంది. అందుకున్నవారు అదేదో మోసపు లింకు అనుకుని తెరవకుండా వదిలేయడం మామూలే. కోఠిలోనో చిక్కడపల్లిలోనో డీటీపీ సెంటరులో పిల్లల స్కూలు ప్రాజెక్టు టైపు చేయించేటప్పుడు ఈ గొలుసు రెండు మూడు వరుసలు ఆక్రమిస్తుంది. ఆ అచ్చు కాగితం చూసి దాన్ని మళ్లీ టైపు చేయగలిగేవారు ఎవరూ ఉండరు కాబట్టి, ఆ చిరునామా ఉన్నా లేనట్టే అవుతుంది. చిరునామాలో ఏ ముక్క ఏ పని చేస్తుందో ఒకసారి తెలుసుకుంటే దాన్ని సగానికి సగం కుదించవచ్చు, తప్పుంటే సరిచేయవచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఎప్పుడూ మారుతూ ఉండే వ్యాసంలో మనం చదివిన రూపాన్నే అవతలివారికి చూపించవచ్చు.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో చిరునామాలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాను. బ్రౌజర్‌లో టైపు చేసేటప్పుడు వాటిలో వ్యాసం పేరును మాత్రం తెలుగులో ఉంచి, మిగిలినవాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

చిరునామాలో భాగాలు

టీఈ.వికీపీడియా.ఓఆర్‌జీ/వికీ/చార్మినార్ అనే చిరునామాను తీసుకుందాం. దీనికి ముందు ఉండే హెచ్‌టీటీపీఎస్ అనే ముక్క, మీ ఫోనుకూ సర్వరుకూ మధ్య నడిచే సమాచారం సంకేతరూపంలో వెళుతోందని చెబుతుంది. వికీపీడియా నిర్వాహక సంస్థ అయిన వికీమీడియా ఫౌండేషన్ 2015లో తన సైట్లన్నింటినీ ఈ పద్ధతికి మార్చింది. ఆ తర్వాత వచ్చే రెండక్షరాల ముక్క భాషను సూచిస్తుంది. టీఈ అంటే తెలుగు, యూఆర్ అంటే ఉర్దూ, హెచ్‌ఐ అంటే హిందీ, ఈఎన్ అంటే ఇంగ్లీషు. ఇవి అంతర్జాతీయ ప్రమాణంలో భాషలకు ఇచ్చిన సంకేతాలు.

భాష ముక్కను మార్చినంత మాత్రాన అదే వ్యాసం ఇంకో భాషలో దొరుకుతుందని అనుకోకూడదు. వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఒక్కో భాషకు ఒక్కో ప్రత్యేక విజ్ఞాన సర్వస్వం ఉంది, దానికి తన రచయితలూ తన వ్యాసాలూ తన పేర్లూ ఉన్నాయి. తెలుగు వ్యాసం ఇంగ్లీషు వ్యాసానికి అనువాదమై ఉండాలన్న నియమం లేదు. అనేక సందర్భాల్లో రెండింటిలో ఉన్న విషయం వేరుగానే ఉంటుంది. అందువల్ల పాతబస్తీ గురించి ఉర్దూలో ఏం రాశారో చూడాలనుకుంటే చిరునామాను చేత్తో మార్చే బదులు, వ్యాసం పేరు పక్కన గానీ పైన గానీ ఉండే భాషల జాబితాను నొక్కి అక్కడి నుంచి వెళ్లాలి. ఆ జాబితాను వికీడేటా అనే మరో ప్రాజెక్టు అందిస్తుంది. అక్కడ ప్రతి విషయానికీ క్యూ అనే అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఒకటి ఉంటుంది, హైదరాబాదు నగరానికి అది క్యూ1361. ఏ భాషలో పేరు ఎలా రాసినా ఆ సంఖ్య మారదు కాబట్టి, భాషల మధ్య వంతెన అదే.

వికీపీడియా.ఓఆర్‌జీ అన్న ముక్కను మాత్రం ఒకసారి నిదానంగా చూడాలి. హెచ్‌టీటీపీఎస్ వెనక ఉండే జంట గీతలను వదిలేశాక వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) సరిగ్గా ముందు ఏముందో అదే అసలు సైటు. టీఈ.వికీపీడియా.ఓఆర్‌జీ అనే మాటల తర్వాత గీత రాకుండా చుక్క పెట్టి ఇంకేదో పేరు కొనసాగితే, అది వికీపీడియా పేరును ముందు తగిలించుకున్న వేరొకరి సైటు. లింకు అందుకున్నప్పుడు గీత ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదివే అలవాటు చేసుకుంటే ఈ మోసం ఇట్టే బయటపడుతుంది. భాష సంకేతానికీ వికీపీడియా అన్న పేరుకూ మధ్య ఎం అనే ఒంటరి అక్షరం కనిపిస్తే భయపడనక్కరలేదు, అది 2025 వరకు ఫోను కోసం వాడిన చిరునామా. కంప్యూటర్‌లో చదివేవారికి పంపేటప్పుడు ఆ అక్షరాన్నీ దాని పక్క చుక్కనూ తీసేస్తే సరిపోతుంది.

ఇక మిగిలింది వ్యాసం పేరు. మాటల మధ్య ఖాళీ ఉన్న పేర్లలో చిరునామాలో ఖాళీ బదులు కింది గీత వస్తుంది. మొదటి పేజీ అనే పేరు మొదటి_పేజీ అవుతుంది. బ్రౌజర్‌లో మీరు ఖాళీతోనే టైపు చేసినా సర్వరు దాన్ని సరిచేసుకుంటుంది గానీ, వాట్సాప్ సందేశంలో ఖాళీ వదిలితే లింకు అక్కడికే తెగిపోతుంది. కాబట్టి సందేశాల్లో కింది గీత తప్పనిసరి.

తెలుగు పేరు గొలుసుగా ఎందుకు మారుతుంది

ఇంటర్నెట్ చిరునామాల నియమాలు రూపొందినప్పుడు వాటిలో ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ కొన్ని గుర్తులకూ మాత్రమే చోటిచ్చారు. మిగతా లిపులన్నీ ఆ చిన్న గుంపులోని గుర్తులతోనే తమను తాము చెప్పుకోవాలి. అందుకు ఏర్పడిన పద్ధతి ప్రకారం ముందు ప్రతి తెలుగు గుర్తునూ యూటీఎఫ్-8 అనే విధానంలో బైట్లుగా, అంటే కంప్యూటర్ సమాచారాన్ని దాచుకునే చిన్న ముక్కలుగా, మారుస్తారు, ఆ తర్వాత ఒక్కో బైటును ఒక శాతం గుర్తుతోనూ రెండు అంకెలతోనూ రాస్తారు. ఇక్కడి అంకెల్లో ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడా కలుస్తాయి, ఎందుకంటే లెక్క పదహారు ప్రాతిపదికన నడుస్తుంది.

తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. బైటుకు మూడు గుర్తుల చొప్పున చూస్తే ఒక తెలుగు గుర్తుకు చిరునామాలో తొమ్మిది గుర్తులు పడతాయి. చకారం %ఈ0%బీ0%9ఏ అవుతుంది, దాని దీర్ఘం %ఈ0%బీ0%బీఈ అవుతుంది. చార్మినార్ అన్న పేరు మన కంటికి చా, ర్మి, నా, ర్ అని నాలుగు అక్షరాలుగా కనిపించినా, కంప్యూటర్ మాత్రం హల్లును వేరుగా, గుణింతపు గుర్తును వేరుగా, పొల్లును వేరుగా లెక్కిస్తుంది కాబట్టి అందులో పది గుర్తులున్నాయి. పదిని తొమ్మిదితో గుణిస్తే 90. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలతో ముగిసిపోయే పేరు తెలుగులో 90 గుర్తులు కావడానికి కారణం ఇదే. తెలుగు గుర్తులన్నీ %ఈ0%బీ0 తోనో %ఈ0%బీ1 తోనో మొదలవుతాయి. ఈ రెండు జతలు పదే పదే కనిపిస్తే ఆ గొలుసులో ఉన్నది తెలుగేనని చదవకుండానే చెప్పేయవచ్చు, మోసపు లింకేమోనన్న అనుమానం కూడా సగం తీరుతుంది.

ఇదే లెక్క మరోచోట కూడా ఎదురవుతుంది. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ వ్యాసం పేరుకు 255 బైట్ల పరిమితి పెట్టింది. ఇంగ్లీషువారికి అది 255 అక్షరాలు, మనకు మాత్రం 85 గుర్తులు. ప్రభుత్వ పథకాలకూ సంస్థలకూ ఉండే బారెడు పేర్లను పూర్తిగా శీర్షికగా పెట్టబోతే ఈ గోడ అడ్డు వస్తుంది. వ్యాసం చరిత్ర పేజీలో ప్రతి మార్పు పక్కనా కనిపించే సంఖ్యలు కూడా బైట్లలోనే ఉంటాయి. అక్కడ 900 చేర్చినట్టు కనిపిస్తే అది దాదాపు 300 తెలుగు గుర్తులకు సమానం, అంటే ఒక మోస్తరు పేరా. ఇంగ్లీషు వికీపీడియా చరిత్రతో పోల్చి మన వ్యాసాల పరిమాణాన్ని అంచనా వేసేవారు ఈ తేడాను మరవకూడదు.

గొలుసు రాకుండా చేయడానికి తేలికైన మార్గం ఒకటుంది. పైపట్టీలోని చిరునామా మొత్తాన్నీ కాపీ చేయకుండా, వ్యాసం పైన పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షికను మాత్రమే కాపీ చేయండి. టీఈ.వికీపీడియా.ఓఆర్‌జీ/వికీ/ అన్నంతవరకు చేత్తో టైపు చేసి, దాని వెనక ఆ శీర్షికను అతికించి, మధ్యలో ఖాళీలుంటే కింది గీతలు పెట్టండి. తెలుగును సంకేతాలుగా మార్చే పనిని అవతలివారి బ్రౌజర్ లోపల్లోపలే చేసుకుంటుంది. అయితే అన్ని యాప్‌లూ తెలుగు అక్షరాల వరకూ లింకును గుర్తిస్తాయన్న భరోసా లేదు. పంపాక ఆ సందేశంలో లింకు రంగు చివరి అక్షరం దాకా మారిందో లేదో చూసుకోవాలి. మధ్యలో ఆగిపోతే గొలుసు రూపమే పంపక తప్పదు, లేదా చివర్లో చెప్పబోయే పొట్టి చిరునామాను వాడాలి.

ఇలా లింకు తెగిపోవడం కుండలీకరణం ఉన్న పేర్ల దగ్గర ఎక్కువ. ఒకే పేరుతో ఊరూ సినిమా రెండూ ఉన్నప్పుడు వికీపీడియాలో పేరు వెనక కుండలీకరణంలో సినిమా అనో గ్రామం అనో చేరుస్తారు. కొన్ని యాప్‌లు ఆఖరి కుండలీకరణాన్ని వాక్యంలోని విరామచిహ్నంగా భావించి లింకు నుంచి వదిలేస్తాయి. నొక్కినవారికి అటువంటి వ్యాసం లేదని కనిపిస్తుంది, నిజానికి లోపం వ్యాసంలో లేదు. ఆఖరి కుండలీకరణం స్థానంలో %29 అని పెడితే ఈ చిక్కు తీరుతుంది. పేరులోనే ప్రశ్నార్థకం ఉంటే దాని బదులు %3ఎఫ్ అని రాయాలి, లేకపోతే సర్వరు అక్కడితో పేరు ముగిసిందని అనుకుంటుంది.

ఒకే వ్యాసానికి అనేక పేర్లు

నగరం పేరును హైదరాబాదు అని రాసేవారున్నారు, హైదరాబాద్ అని రాసేవారున్నారు. తెలుగు వికీపీడియాలో నగరం వ్యాసం హైదరాబాదు అన్న పేరుతో ఉంది. రెండో పేరుతో వచ్చినవారిని కూడా అక్కడికే చేర్చే ఏర్పాటును దారిమార్పు అంటారు. అలా వచ్చినప్పుడు శీర్షిక కింద చిన్న అక్షరాల్లో ఏ పేరు నుంచి దారి మారిందో కనిపిస్తుంది. ఆ చిన్న లింకును నొక్కితే దారిమార్పు పేజీనే చూడవచ్చు. చిరునామా చివర ?రీడైరెక్ట్=నో అని చేర్చినా అదే ఫలితం. వ్యాసాన్ని ఒక పేరు నుంచి ఇంకో పేరుకు తరలించినప్పుడు సాధారణంగా పాత పేరు దారిమార్పుగా మిగులుతుంది, అందుకే ఎప్పుడో పంపిన లింకులు కూడా పనిచేస్తూనే ఉంటాయి.

తెలుగుకు మాత్రమే ఉన్న ఒక సూక్ష్మమైన ఇబ్బందిని ఇక్కడ చెప్పాలి. ఫేస్‌బుక్ అని రాసేటప్పుడు సకారపు పొల్లు కింద బకారం వత్తుగా మారిపోకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం. కొన్ని టైపింగు ఉపకరణాలు మాట చివర పొల్లు వచ్చినప్పుడు కూడా, అవసరం లేకపోయినా, ఆ గుర్తును చేరుస్తాయి. అలా చేరినప్పుడు హైదరాబాద్ అనే మాట చూపుకు ఏ తేడా లేకుండా ఉంటుంది గానీ, సర్వరు దృష్టిలో అది వేరే పేరు. వ్యాసం ఉందని తెలిసి టైపు చేసినా పేజీ లేదని వస్తోందంటే ముందుగా అనుమానించవలసినది దీన్నే. చిరునామాను గొలుసు రూపంలో అతికించి చూడండి. అందులో %ఈ2%80%8సీ అన్న ముక్క ఎక్కడైనా ఉంటే, అది తెలుగు గుర్తుల మాదిరిగా ఈ0 తో కాక ఈ2 తో మొదలవుతుంది కాబట్టి, వెంటనే కంటపడుతుంది. మాట చివర ఉన్న ఆ ముక్కను తీసేస్తే వ్యాసం తెరుచుకుంటుంది. మాట మధ్యలో ఉన్నదాన్ని మాత్రం తీయకూడదు, అది పేరులో భాగమై ఉండవచ్చు.

పేరుతో సంబంధమే లేని చిరునామా కావాలనుకుంటే దానికీ వీలుంది. ప్రతి పేజీకీ ఒక సంఖ్య ఉంటుంది. ఉపకరణాల జాబితాలోని పేజీ సమాచారం అన్న లింకును నొక్కితే అది కనిపిస్తుంది. టీఈ.వికీపీడియా.ఓఆర్‌జీ/?సీయూఆర్‌ఐడీ= అని రాసి ఆ సంఖ్యను చేరిస్తే, వ్యాసం పేరు రేపు ఎలా మారినా అదే పేజీ తెరుచుకుంటుంది. అక్షరభేదాలతో విసిగినవారికి ఇది మంచి ఆసరా, కానీ చూసేవారికి అందులో ఏముందో బోధపడదు.

వ్యాసం చిరునామా వేరు, కూర్పు చిరునామా వేరు

మన ఉపాధ్యాయులు, విలేకరులు, పరిశోధక విద్యార్థులు అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవలసిన విషయం ఇది, అందరూ తక్కువగా పట్టించుకునేదీ ఇదే. వికీపీడియాలో ఏ వ్యాసాన్నయినా దాదాపు ఎవరైనా, ఏ నిమిషంలోనైనా దిద్దవచ్చు. కనుక టీఈ.వికీపీడియా.ఓఆర్‌జీ/వికీ/చార్మినార్ అన్న చిరునామా, ఆ వ్యాసం నొక్కిన క్షణంలో ఎలా ఉంటే అలా చూపిస్తుంది. మీరు సోమవారం చదివి ఉదహరించిన వాక్యం గురువారం మీ గైడు చూసే సమయానికి అక్కడ ఉండకపోవచ్చు, సంవత్సరం మారి ఉండవచ్చు, లేదా మీరు చదివిన పొరపాటును ఎవరో ఈలోపు సరిదిద్ది ఉండవచ్చు. చూసిన తేదీని రాసినంత మాత్రాన ఆ రోజు అక్కడ ఏముందో అవతలివారికి తెలియదు.

వికీపీడియా ఈ సమస్యకు పరిష్కారాన్ని తనలోనే పెట్టుకుంది. ఎవరు ఏ మార్పు చేసి భద్రపరిచినా అది ఒక కొత్త కూర్పు అవుతుంది, దానికో సంఖ్య పడుతుంది, పాత కూర్పు చెరిగిపోదు. వ్యాసం పైన ఉన్న చరిత్ర అనే లింకును నొక్కితే ఈ కూర్పులన్నీ కొత్తవి పైకీ పాతవి కిందికీ వచ్చేలా వరుసగా కనిపిస్తాయి. ప్రతి వరుసలో సమయం, తేదీ, చేసిన వాడుకరి పేరు, వ్యాసపు పరిమాణం, ఏం మార్చారో చెప్పే చిన్న వ్యాఖ్య ఉంటాయి. తేదీని నొక్కితే ఆనాటి వ్యాసం తెరుచుకుంటుంది. అప్పుడు పైపట్టీని చూస్తే ఇంతకు ముందు ఉన్న చిరునామా రూపమే మారి, టీఈ.వికీపీడియా.ఓఆర్‌జీ/డబ్ల్యూ/ఇండెక్స్.పీహెచ్‌పీ అని మొదలై, ప్రశ్నార్థకం తర్వాత టైటిల్=చార్మినార్, దాని వెనక &ఓల్డ్‌ఐడీ= అంటూ ఒక సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్యే కూర్పు సంఖ్య. వాస్తవానికి సర్వరుకు అదొక్కటే చాలు. టైటిల్ ముక్కను పూర్తిగా తొలగించి ?ఓల్డ్‌ఐడీ= తర్వాత సంఖ్య మాత్రం ఉంచినా అదే కూర్పు వస్తుంది. తెలుగు పేరు లేకపోవడంతో గొలుసు బాధ కూడా తప్పుతుంది. ప్రస్తుతం ఉన్న కూర్పుకే చిరునామా కావాలంటే చరిత్రలోకి వెళ్లకుండానే ఉపకరణాల జాబితాలో శాశ్వత లింకు అన్నదాన్ని నొక్కవచ్చు.

కాబట్టి ప్రాజెక్టు పుస్తకంలో గానీ సిద్ధాంత వ్యాసంలో గానీ వికీపీడియాను ఉదహరించేటప్పుడు వ్యాసం పేరు, తెలుగు వికీపీడియా అన్న మాట, కూర్పు తేదీ, ఓల్డ్‌ఐడీ ఉన్న చిరునామా ఈ నాలుగూ ఇవ్వాలి. రచయిత పేరు రాయాలన్న ఆరాటంతో చరిత్రలో చివరగా కనిపించిన వాడుకరి పేరును వేయడం సరికాదు, ఆయన కేవలం ఒక అక్షరదోషం దిద్ది ఉండవచ్చు.

శాశ్వత లింకు అన్నారు కదా అని దానికి లేని శక్తిని ఆపాదించకూడదు. పాత కూర్పును తెరిచినప్పుడు వ్యాసపు పాఠం ఆనాటిదే వస్తుంది గానీ, అందులో వాడిన మూసలూ (అనేక వ్యాసాల్లో వాడే ఉమ్మడి ముక్కలు) బొమ్మలూ మాత్రం ఈనాటివి వస్తాయి. కుడివైపు పెట్టెలో జనాభా అంకెను ఒక మూస అందిస్తుంటే, ఆ మూసలో అంకె మారగానే పాత కూర్పులోనూ మారిపోతుంది. వ్యాసాన్నే తొలగిస్తే దాని కూర్పులూ సామాన్య పాఠకులకు కనబడవు. పరువునష్టం, కాపీహక్కుల ఉల్లంఘన వంటి కారణాలతో నిర్వాహకులు ఒక్కో కూర్పును దాచేయడమూ కద్దు. ఇంత చెప్పినా, మామూలు లింకుతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు నమ్మదగినదే.

రెండు కూర్పుల మధ్య తేడాను చూపించే చిరునామా కూడా ఉంది. చరిత్ర పేజీలో రెండు వరుసల ముందున్న గుండ్రని గడులను ఎంచుకుని పోల్చి చూసినప్పుడు వచ్చే చిరునామాలో డిఫ్= అనే ముక్క ఉంటుంది. చేర్చినదీ తీసేసినదీ పక్కపక్కన రంగుల్లో కనిపిస్తాయి. వికీపీడియాలో ఎవరో ఫలానా నాయకుడి గురించి తప్పు రాశారంటూ సందేశాలు తిరుగుతుంటాయి. అలాంటప్పుడు తెరపట్టు (స్క్రీన్‌షాట్) బొమ్మను నమ్మడం కంటే ఈ లింకు అడగడం మేలు. తెరపట్టును ఎవరైనా తయారుచేయగలరు, తేడా పేజీని మాత్రం సర్వరే చూపిస్తుంది.

వ్యాసంలోని మూలాలను కూడా ఇదే దృష్టితో చూడాలి. తెలుగు వార్తాపత్రికల వెబ్ పేజీలకు ఆయుష్షు తక్కువ, కాబట్టి మూలాల జాబితాలో నొక్కితే తెరుచుకోని లింకులు కొల్లలుగా ఉంటాయి. వాటి పక్కన ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ ప్రతి ఉందేమో చూడండి. ఆ చిరునామా మధ్యలో పద్నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి నాలుగు సంవత్సరం, తర్వాతి రెండు నెల, ఆపై రెండు తేదీ, మిగిలిన ఆరు గంట నిమిషం సెకను. ఏ క్షణంలో ఆ పేజీని భద్రపరిచారో అలా తెలిసిపోతుంది. మూలం దొరికినప్పుడు వికీపీడియాను పక్కన పెట్టి ఆ మూలాన్నే ఉదహరించడం ఉత్తమం. వికీపీడియా మార్గదర్శకాలు కూడా తనను తాను మూలంగా వాడవద్దనే చెబుతాయి.

పేరుకు ముందు ఉండే మాటలు

చిరునామాలో వ్యాసం పేరుకు ముందు ఒక మాటా రెండు చుక్కలూ వస్తే అది విజ్ఞాన సర్వస్వపు వ్యాసం కాదు. చర్చ: అని ఉంటే ఆ వ్యాసం గురించి రచయితలు మాట్లాడుకునే పేజీ, వాడుకరి: అని ఉంటే ఒక రచయిత సొంత పేజీ, వర్గం: అని ఉంటే వ్యాసాల జాబితా, మూస: అని ఉంటే అనేక వ్యాసాల్లో వాడే ముక్క, ప్రత్యేక: అని ఉంటే సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు తయారుచేసే పేజీ. వాడుకరి పేజీలో ఎవరైనా తమ గురించి ఏమైనా రాసుకోవచ్చు. ఫలానావారికి వికీపీడియాలో పేజీ ఉందని చెబుతూ ఎవరైనా లింకు పంపితే ఈ మాటను గమనించండి. వికీపీడియా:రచ్చబండ అనే పేజీలో తెలుగు రచయితలు విధానాల గురించి చర్చించుకుంటారు, కొత్తవారి సందేహాలకు జవాబులూ ఇస్తారు. ఈ రచయితలెవరూ జీతానికి పనిచేసేవారు కారు. సందేహం వస్తే అడగడానికి సంకోచించనక్కరలేదు.

బొమ్మల విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. గోల్కొండ ఫొటో ఒకటి నచ్చి దాన్ని కరపత్రంలోనో యూట్యూబ్ వీడియోలోనో వాడాలనుకుంటే, బొమ్మపై నొక్కి పట్టుకుని తీసిన చిరునామా అప్‌లోడ్.వికీమీడియా.ఓఆర్‌జీ అని మొదలవుతుంది, అది ఒట్టి బొమ్మ ఫైలు మాత్రమే. దస్త్రం: అని మొదలయ్యే పేజీకో, అందరూ వాడుకోగల బొమ్మల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో ఉన్న దాని పేజీకో వెళితే ఫొటో తీసినవారి పేరు, ఏ లైసెన్సు కింద ఇచ్చారు, ఎలా పేర్కొనాలి అన్నవన్నీ ఉంటాయి. మీరు లింకు ఇవ్వవలసినది ఆ పేజీకే. వ్యాసాల పాఠం కూడా క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ షేర్‌అలైక్ 4.0 లైసెన్సు కింద ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే వ్యాసం లింకు ఇచ్చి రచయితలకు గుర్తింపునివ్వాలి, మార్పులు చేస్తే ఆ సంగతి చెప్పాలి, తయారైనదాన్ని అదే లైసెన్సు కింద విడుదల చేయాలి. చిరునామా ఇవ్వడం ఇక్కడ మర్యాదతో ఆగిపోదు, లైసెన్సులోని షరతు అది.

పంపేముందు, అచ్చువేసేముందు

పెద్ద వ్యాసంలో ఒక భాగాన్నే చూపించాలంటే చిరునామా చివర # గుర్తు పెట్టి ఆ భాగపు శీర్షికను చేర్చండి. #చరిత్ర అని చేరిస్తే నేరుగా చరిత్ర భాగం దగ్గర తెరుచుకుంటుంది. విషయసూచికలో ఆ భాగాన్ని నొక్కినా ఇదే చిరునామా పైపట్టీలో తయారవుతుంది. ఎవరైనా ఆ శీర్షికను మార్చితే లింకు చెడదు గానీ వ్యాసం మొదటి నుంచి తెరుచుకుంటుంది.

ఫోను యాప్ నుంచి పంచుకున్న లింకుల్లో పేరు తర్వాత ?డబ్ల్యూపీఆర్‌ఓవీ= వంటి తోకలు వస్తుంటాయి. ఇవి లింకు ఎటు నుంచి వచ్చిందో లెక్కించుకోవడానికి తగిలించినవి, వ్యాసాన్ని చూపించడంలో వీటికి ఏ పాత్రా లేదు. పేరు తర్వాత ప్రశ్నార్థకం నుంచి చివరి దాకా తీసేయవచ్చు. కానీ ఆ తోకలో ఓల్డ్‌ఐడీ గానీ డిఫ్ గానీ సీయూఆర్‌ఐడీ గానీ ఉంటే ముట్టుకోకూడదు, అక్కడ అసలు పని చేసేది అదే.

అచ్చులో వేయడానికి మాత్రం వికీమీడియా సొంతంగా నడిపే పొట్టి చిరునామాల సేవను మించినది లేదు. 2019లో మొదలైన ఈ సేవ డబ్ల్యూ.వికీ/ అని మొదలై కొన్ని అక్షరాలతో ముగిసే చిరునామాను ఇస్తుంది. వికీమీడియా ప్రాజెక్టులన్నిటికీ ఉమ్మడి సైటైన మెటా వికీలో స్పెషల్:యూఆర్‌ఎల్‌షార్టెనర్ అనే పేజీని తెరిచి, పొడవాటి చిరునామాను అతికిస్తే చాలు. వికీమీడియా సైట్ల చిరునామాలను తప్ప వేరేవాటిని ఇది కుదించదు కాబట్టి, డబ్ల్యూ.వికీ కనిపించిన చోట అది ఎటో తీసుకుపోతుందన్న భయం అక్కరలేదు. బయటి కుదింపు సేవలకు ఈ హామీ లేదు, పైగా అవి మూతపడితే మీ లింకులూ పోతాయి. కుదించేటప్పుడు వ్యాసం మామూలు చిరునామా బదులు ఓల్డ్‌ఐడీ ఉన్న చిరునామాను ఇస్తే, కూర్పు స్థిరంగా ఉంటుంది, అచ్చులో అరవరుస కూడా పట్టదు. ఈ పొట్టి చిరునామాల్లో పెద్ద ఇంగ్లీషు అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉంటుంది. డీటీపీలో వాక్యం మొదట్లోనో శీర్షికలోనో అక్షరాలన్నీ పెద్దవిగా మారిపోతే లింకు వేరే పేజీకి పోతుంది, లేదా ఎక్కడికీ పోదు. అందుకని ప్రూఫు కాగితం చేతికి రాగానే, మీ ఫైలులోంచి కాపీ చేయకుండా, కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్టు ఫోనులో టైపు చేసి, సరైన కూర్పే తెరుచుకుందని చూసుకున్నాకే ప్రెస్సుకు పంపండి.